కారు డిక్కీ తెరుచుకోనప్పుడు

సెలవుల రోజులలో సికింద్రాబాదు రైలు స్టేషను ముందు అప్పుడప్పుడు కనిపించే దృశ్యమిది. బండి కదిలే వేళ అవుతుంటుంది. సామానంతా కారు డిక్కీలో ఉంటుంది. డిక్కీ మూత మాత్రం తెరుచుకోదు. ఒకరు మూతను గుద్దుతారు, మరొకరు తాళంచెవిని బలంగా తిప్పుతారు. చెవి కాస్తా విరిగితే ఒక చిక్కుకు రెండవ చిక్కు తోడవుతుంది. ఇటువంటి సమయంలో బలప్రయోగం కంటె, లోపల ఏమి జరుగుతున్నదో తెలిసి ఉండడం మేలు.

డిక్కీ అనే పేరుకు ఒక చిన్న చరిత్ర ఉన్నది. పాతకాలపు కొన్ని కార్లలో వెనుక భాగాన మడత విప్పి కూర్చునే అదనపు ఆసనం ఉండేది. దానిని డిక్కీ సీటు అనేవారు. ఆసనం పోయింది; పేరు మాత్రం మన దేశంలో సామాను అరకు నిలిచిపోయింది.

మూతను పట్టి ఉంచేది ఏది?

మూత వేసినప్పుడు ఒక ఉక్కు కొక్కెం తిరిగి, ఎదుటనున్న కడ్డీని పట్టుకొంటుంది. కొక్కెం వెనుకకు తిరిగిపోకుండా ఒక చిన్న అడ్డుమీట స్ప్రింగు బలంతో దానిని ఆపుతుంది. డిక్కీ తెరవడమంటే ఈ అడ్డుమీటను పక్కకు జరపడమే. అందుకు సాధారణంగా మూడు మార్గాలున్నవి. మొదటిది తాళంచెవి. రెండవది డ్రైవరు సీటు పక్కనుండే మీట. దానిని లాగితే, సైకిలు బ్రేకుకు ఉండే తీగ వంటిదే ఒకటి అడ్డుమీటను లాగుతుంది. మూడవది మీట నొక్కగానే పనిచేసే చిన్న విద్యుత్ మోటారు. ఒక్కొక్క కారులో వీటిలో ఒకటో రెండో మాత్రమే ఉండవచ్చు.

లోపం ఎక్కడ?

రిమోటు నొక్కి, డిక్కీ దగ్గర చెవి పెట్టి వినవలె. "టక్" మని శబ్దం వస్తే మోటారు కదులుతున్నదన్నమాట. లోపం చాలావరకు కొక్కెం వద్దనో దానికి కలిపిన కడ్డీల వద్దనో ఉండవచ్చు. శబ్దం రాకపోతే విద్యుత్తు వైపు చూడవలె. అదే రిమోటుతో తలుపులు తెరుచుకొంటున్నవా? తెరుచుకొంటే రిమోటులోని బిళ్ళ బ్యాటరీ, కారు బ్యాటరీ రెండూ దాదాపు నిర్దోషులే. ఇక మిగిలినవి ఫ్యూజు, మీట, మోటారు, వాటిని కలిపే తీగలు. మూతతోపాటు వంగే తీగలను కీలు దగ్గర ముందుగా పరీక్షించవలె. ఇనుప తీగను పదేపదే వంచితే తెగినట్లే, మూత వేసి తీసిన ప్రతిసారీ వంగే రాగి తీగ కూడ అలసి ఒకనాటికి తెగుతుంది. సీటు పక్కని మీట బిగువు లేకుండ వదులుగా వస్తే తీగ తెగినదో, కొక్కీ ఊడినదో అనుకోవచ్చు.

చేతితో అదిమితే ఎందుకు తెరుచుకొంటుంది?

సామాను కిక్కిరిసి ఉన్నప్పుడు అది మూతను పైకి నెడుతుంది. మూత చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు కూడ నెడుతుంది. ఆ ఒత్తిడి కొక్కెం ద్వారా అడ్డుమీటపై పడుతుంది. ఘర్షణ ఒత్తిడిని బట్టి పెరుగుతుందని విద్యార్థులు చదువుకొన్నదే. ఆ రెండింటి మధ్య 200 న్యూటన్ల ఒత్తిడి ఉన్నదనీ, ఘర్షణ గుణకం 0.3 అనీ అనుకొందాం. అడ్డుమీటను జరపడానికి ఘర్షణకే 60 న్యూటన్ల బలం కావలె. చిన్న మోటారుకు అది శక్తికి మించిన పని కావచ్చు. ఒకరు మూతను అరచేతులతో క్రిందికి అదిమితే, ఒత్తిడి 20 న్యూటన్లకు తగ్గిందనుకొందాం. అప్పుడు 6 న్యూటన్లు చాలును. అందుచేత ఒకరు అదుముతుండగా మరొకరు మీట నొక్కవలె. పైకి లాగుతూ తెరవబోవడం సరిగా దీనికి విరుద్ధం.

మన వేసవి ఎండకు రబ్బరు మెత్తబడి రంగుకు అంటుకోవడం కూడ కద్దు. అప్పుడును ఇదే ఉపాయం. తాళం రంధ్రంలో దుమ్ము చేరితే వంటనూనె పోయరాదు. అది మరింత దుమ్మును పట్టి జిగురవుతుంది. పొరలుపొరలుగా జారే గ్రాఫైటు పొడి మేలు. ఏదీ సాగకపోతే, వెనుక సీటు వీపును మడిచే వీలున్న కార్లలో అటునుండి డిక్కీలోకి చేయి పోనీయవచ్చు.

లోపల పిల్లలుంటే

1998 వేసవిలో అమెరికాలో మూడు వేర్వేరు ప్రమాదాలలో 11 మంది పిల్లలు కారు డిక్కీలలో చిక్కుకొని మరణించారు. ఆ తరువాత, 2001 సెప్టెంబరు 1 నుండి తయారయ్యే డిక్కీ కార్లలో లోపలినుండి తెరిచే సాధనం ఉండవలెనని అక్కడ నిబంధన వచ్చింది. చీకటిలో కూడ కనిపించేటట్లు ఆ పిడిని మెరిసే పదార్థంతో చేస్తారు. అయితే అటువంటి పిడి లేని కార్లు మన వీధులలో ఎన్నో ఉన్నవి. దాగుడుమూతల ఆటలో ఇది మరువరాదు. ఎండలో మూసి ఉంచిన కారులో పది నిమిషాలలోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరగవచ్చు. పిల్లవాడు లోపల ఉన్నప్పుడు పైన చెప్పిన పరీక్షలకు తావు లేదు. వెంటనే కిటికీ అద్దం పగులగొట్టి, సీటు పక్కని మీటనో వెనుక సీటునో ప్రయత్నించవలె. 112కు ఫోను చేయవలె. అద్దం మళ్ళీ కొనవచ్చును.

రాణీగంజులో విడిభాగాలమ్మే దుకాణాలలో పాత డిక్కీ లాకు ఒకటి సంపాదించి ఉపాధ్యాయులు తరగతిలో విప్పి చూపితే, మీట, స్ప్రింగు, ఘర్షణ, విద్యుత్ వలయం అన్నీ ఒక్క చోటనే కనిపిస్తవి. ఒక్కొక్క అనుమానాన్ని ఒక్కొక్క పరీక్షతో తొలగించుకొంటూ పోవడమెట్లాగో కూడ పిల్లలకు అలవడుతుంది.