డ్రాగన్ బాల్ ఫైటర్జ్: చూస్తే అచ్చం అనిమే.. ఆన్‌లైన్‌లో ఆడితే చుక్కలు! ఆరేళ్లు ప్లేయర్లు మొత్తుకున్నది దేనికి?

డ్రాగన్ బాల్ జెడ్.. స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ ఓ మూలకు విసిరేసి కార్టూన్ నెట్‌వర్క్ పెట్టుకున్న బ్యాచ్‌కి ఈ పేరు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. గోకు, వెజీటా, ఫ్రీజా క్యారెక్టర్లతో వీడియో గేమ్‌లు లెక్కలేనన్ని వచ్చాయి. వాటన్నిటిలో 2018 జనవరి 26న విడుదలైన ‘డ్రాగన్ బాల్ ఫైటర్జ్’ది మాత్రం కాస్త వింత కథ. ఈ గేమ్‌ని ప్లేయర్లు ఆకాశానికెత్తేశారు, అదే ప్లేయర్లు తిట్టిపోశారు కూడా. చాలాసార్లు ఈ రెండు పనులూ చేసింది ఒకే మనిషి!

ఇంతకీ ఈ గేమ్‌లో అంత నచ్చిందేంటి? అంత కోపం తెప్పించిందేంటి?

అనిమేనే ఆడుతున్నట్టు..

ముందుగా అందరూ ఒప్పుకునే మాట: ఈ గేమ్ చూడ్డానికి అదిరిపోతుంది. జపాన్‌కు చెందిన ఆర్క్ సిస్టమ్ వర్క్స్ దీన్ని తయారు చేస్తే, బందాయ్ నామ్కో విడుదల చేసింది. తెరపై కనిపించేవన్నీ నిజానికి 3డీ బొమ్మలే. కానీ చేత్తో గీసిన 2డీ కార్టూన్‌లా కనిపిస్తాయి. గేమ్ సెకనుకు 60 ఫ్రేమ్‌లతో నడుస్తున్నా, క్యారెక్టర్ కదలికల్ని మాత్రం కావాలనే కొన్ని ఫ్రేమ్‌ల పాటు ఒకే భంగిమలో ఆపుతారు. టీవీ అనిమేలో బొమ్మలు కదిలే తీరు అలాగే ఉంటుంది కదా.. ఆ ‘లెక్క తగ్గించిన’ కదలికే మన కంటిని నమ్మిస్తుంది. ఈ టెక్నిక్‌ని ఇదే కంపెనీ 2014లో ‘గిల్టీ గేర్ ఎగ్జార్డ్’ గేమ్‌తో బయటికి తెచ్చింది.

ఫ్యాన్స్‌ని పడేసిన చిన్న చిన్న విషయాలు ఇంకా ఉన్నాయి. నామెక్ గ్రహం స్టేజ్‌లో గోకు, క్రిలిన్ ఒక టీమ్‌లో ఉండి అవతల ఫ్రీజా ఉంటే, ఫైట్ మొదలవ్వకముందే అనిమేలోని ఆ ఫేమస్ సీన్ వచ్చేస్తుంది. ఫ్రీజా క్రిలిన్‌ని పేల్చేస్తాడు, గోకు సూపర్ సయాన్ అయిపోతాడు. ఫైట్‌లో ఏడు డ్రాగన్ బాల్స్ పోగుచేస్తే షెన్‌రాన్ వచ్చి వరమిస్తాడు. చచ్చిన టీమ్‌మేట్‌ని బతికించమని కూడా కోరుకోవచ్చు. సిరీస్ మొత్తం చూసినోడికి ఇంతకన్నా ఏం కావాలి?

నేర్చుకోవడం ఈజీ.. తన్నులు తినడం ఇంకా ఈజీ

ఒక్కో ప్లేయర్ ముగ్గురు క్యారెక్టర్లను ఎంచుకోవాలి. ఒకరు కొట్టుకుంటుంటే మిగతా ఇద్దరూ మధ్యలో సాయానికి దూకొచ్చు. ఒకే బటన్‌ని టకటకా నొక్కినా ఆటోమేటిక్‌గా ఒక కాంబో పడుతుంది. మరో బటన్‌తో ప్రత్యర్థి ఎంత దూరంలో ఉన్నా గాల్లో ఎగిరి మీద పడిపోవచ్చు. అందుకే జీవితంలో ఫైటింగ్ గేమ్ ముట్టనివాళ్లు కూడా మొదటి రోజే కమేహమేహా కొట్టేశారు. కొత్తవాళ్ల నుంచి వచ్చిన మంచి మాటల్లో ఎక్కువ భాగం దీని గురించే.

అసలు ప్రాబ్లమ్ రెండో వారంలో మొదలవుతుంది. బాగా ఆడేవాడి చేతికి చిక్కితే ఒకే ఒక్క దెబ్బతో మొదలైన కాంబో క్యారెక్టర్ ప్రాణం పోయేదాకా ఆగదు. అంతసేపూ ఇవతలివాడు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని సినిమా చూడాల్సిందే. అందరి కాంబోలూ ఒకేలా ఉంటాయన్నది ఇంకో కంప్లైంట్. స్టోరీ మోడ్‌ని అయితే ఇష్టపడినవాళ్లు తక్కువే. క్లోన్‌లతో మళ్లీ మళ్లీ అదే ఫైట్, గంటలకొద్దీ.

తర్వాత గోకుల గోల. డబ్బులు పెట్టి కొనుక్కునే అదనపు క్యారెక్టర్లతో కలిపి మొత్తం 44 మంది అయ్యారు. అందులో గోకులే ఐదుగురు! సూపర్ సయాన్ గోకు, బ్లూ గోకు, మామూలు గోకు, జీటీ సిరీస్ చిన్న గోకు, అల్ట్రా ఇన్‌స్టింక్ట్ గోకు. గోకు ఒంట్లో దూరిన విలన్ గోకు బ్లాక్‌ని ఇందులో కలపలేదు. అభిమానులే తలపట్టుకున్నారంటే అర్థం చేసుకోవచ్చు. 2022 ఫిబ్రవరిలో ల్యాబ్ కోట్ వేసుకున్న ఆండ్రాయిడ్ 21 వచ్చాక గొడవ ముదిరింది. ఆమె మరీ బలంగా ఉందని టోర్నీ ప్లేయర్లు పట్టుబట్టడంతో తర్వాతి ప్యాచ్‌లలో తగ్గించాల్సి వచ్చింది.

ఇవన్నీ ఏ ఫైటింగ్ గేమ్‌లోనైనా ఉండే గొడవలే. ఫైటర్జ్‌ని ఏళ్ల తరబడి వెంటాడిన కంప్లైంట్ వేరే.

అసలు లొల్లి ఇక్కడే!

టీవీలో లైవ్ చూస్తున్నప్పుడు యాంకర్ ప్రశ్న అడిగాక, ఫీల్డ్‌లో ఉన్న రిపోర్టర్ రెండు సెకన్లు అలా తల ఊపుతూ నిలబడటం గమనించే ఉంటారు. సిగ్నల్ వెళ్లడానికి పట్టే టైమ్ అది. ఆన్‌లైన్ ఫైటింగ్ గేమ్‌లో కూడా ఇదే జరుగుతుంది. కాకపోతే ఇక్కడ సెకన్లు కాదు, మిల్లీసెకన్లే ఫైట్‌ని డిసైడ్ చేస్తాయి.

సెకనుకు 60 ఫ్రేమ్‌లు అంటే ఒక్కో ఫ్రేమ్ దాదాపు 17 మిల్లీసెకన్లు. హైదరాబాద్‌లో ఒకరు, ఎక్కడో దూరదేశంలో ఇంకొకరు ఆడుతున్నారు. ఒకరు నొక్కిన బటన్ సమాచారం అవతలికి చేరడానికి 100 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. అంటే ఆరు ఫ్రేమ్‌లు. దెబ్బని చూసి ఆపుకోవడానికి మామూలు మనిషికే సెకనులో నాలుగో వంతు పడుతుంది. దానిపైన ఇంకో ఆరు ఫ్రేమ్‌లు పడితే.. దెబ్బ కనిపిస్తుంది, చెయ్యి కదులుతుంది, అయినా తగిలేస్తుంది.

ఈ దూరాన్ని గేమ్‌లు రెండు రకాలుగా తట్టుకుంటాయి. మొదటిది డిలే పద్ధతి. అవతలి బటన్ వచ్చేదాకా ఇద్దరి గేమ్‌నీ ఆపి ఉంచడం. నెట్ కాస్త తడబడితే చాలు, గేమ్ మొత్తం నీళ్లలో నడిచినట్టు అయిపోతుంది. రెండోది రోల్‌బ్యాక్. రోజూ వచ్చే కస్టమర్‌ని చూడగానే టీ బండి ఆయన అడక్కుండానే టీ పోసేస్తాడు కదా.. అలా గేమ్ అవతలి ప్లేయర్ ఏం నొక్కి ఉంటాడో ఊహించేసి ముందుకెళ్లిపోతుంది. ఊహ తప్పితే రెండు మూడు ఫ్రేమ్‌లు వెనక్కెళ్లి సరిచేసుకుంటుంది. ఎక్కువసార్లు ఊహ కరెక్టే అవుతుంది కాబట్టి ఆడేవాళ్లకు తేడా పెద్దగా తెలియదు. ఇదేం కొత్త టెక్నాలజీ కూడా కాదు. టోనీ క్యానన్ తయారుచేసిన జీజీపీవో 2000ల నుంచే ఉంది.

ఫైటర్జ్ వచ్చింది డిలే పద్ధతితో. ఊళ్లో పక్కపక్కన ప్లేయర్లు ఉన్నచోట సర్దుకుపోవచ్చు. మన దేశంలాంటి చోట ఇలాంటి గేమ్ ఆడేవాళ్లే తక్కువ. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే దూరం వెళ్లాలి, దూరం వెళ్తే డిలే తప్పదు. డబ్బులు అందరూ ఒకేలా కట్టినా, అందరికీ దొరికిన గేమ్ ఒక్కటి కాదన్నమాట.

స్టేజ్ మీద నంబర్ వన్.. ఇంట్లో మాత్రం

2018 ఆగస్టులో లాస్ వెగాస్‌లో జరిగిన ఈవో టోర్నీలో ఫైటర్జ్‌కి 2,500 మందికి పైగా పేర్లిచ్చారు. ఆ ఏడాది అక్కడ మరే గేమ్‌కీ అంతమంది రాలేదు. ఫైనల్‌లో అమెరికా ప్లేయర్ సోనిక్‌ఫాక్స్, జపాన్ ప్లేయర్ గోఇచిని ఓడించాడు. మరుసటి ఏడాది గోఇచి లెక్క సరిచేశాడు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఆడే టోర్నీల్లో ఇంటర్నెట్ గొడవే లేదు.

2020లో కరోనా వచ్చి కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. ఆడాలంటే ఆన్‌లైనే దిక్కు. ఆ ఏడాది ఈవోని ఆన్‌లైన్‌కి మార్చాలనుకున్నప్పుడు ఓపెన్ టోర్నీల కోసం మోర్టల్ కాంబాట్ 11, కిల్లర్ ఇన్‌స్టింక్ట్, స్కల్‌గర్ల్స్, దెమ్స్ ఫైటిన్ హెర్డ్స్ అనే నాలుగు గేమ్‌లను తీసుకున్నారు. నాలుగింటిలోనూ రోల్‌బ్యాక్ ఉంది. రెండేళ్ల కింద స్టేజ్‌ని ఏలిన ఫైటర్జ్ ఆ నాలుగింటిలో లేదు. చివరికి ఆ ఆన్‌లైన్ ఈవో కూడా రద్దయింది, అది వేరే విషయం.

2021 జూన్‌లో ఆర్క్ సిస్టమ్ వర్క్స్ ‘గిల్టీ గేర్ స్ట్రైవ్’ని మొదటి రోజు నుంచే రోల్‌బ్యాక్‌తో దించింది. దాంతో ఫైటర్జ్ ప్లేయర్లకు పుండు మీద కారం చల్లినట్టయింది. అదే కంపెనీ, మరి మాకెందుకు ఇవ్వరు? ఆ కోపం న్యాయమైనదే. కాకపోతే డిలే కోసం కట్టిన గేమ్‌లోకి రోల్‌బ్యాక్‌ని తర్వాత దూర్చడం, ఇల్లు కట్టేశాక పునాది మార్చడం లాంటి పని. సెకనులో ఓ భాగంలోనే గేమ్ మొత్తం వెనక్కెళ్లి, మళ్లీ లెక్కలన్నీ వేసుకుని రావాలి.

2022 ఈవో స్టేజ్ మీద రోల్‌బ్యాక్ ఇస్తామని ప్రకటించగానే హాల్ దద్దరిల్లింది. అది చేతికి రావడానికి మాత్రం 2024 ఫిబ్రవరి చివరిదాకా ఆగాల్సి వచ్చింది. ఆరేళ్లు! ఈలోపు చాలామంది వేరే గేమ్‌లకు వెళ్లిపోయారు.

కొత్త గేమ్ వచ్చినా..

2024 అక్టోబర్‌లో ‘డ్రాగన్ బాల్ స్పార్కింగ్ జీరో’ వచ్చింది. 182 క్యారెక్టర్లు, 24 గంటల్లో 30 లక్షల కాపీలు. ఇది ఫైటర్జ్‌లా పక్క నుంచి చూసే 2డీ ఫైట్ కాదు, ఆకాశమంతా ఎగిరి కొట్టుకునే 3డీ రకం. దాని గొడవలు దానివి. కోతిగా మారిన వెజీటాతో ఫైట్ మరీ కష్టంగా ఉందని జనం గగ్గోలు పెట్టారు. ఒకే టీవీ ముందు ఇద్దరు కూర్చుని ఆడాలంటే విడుదలైనప్పుడు ఒకే ఒక్క స్టేజ్ ఇచ్చారు. అన్నదమ్ములు సోఫాలో కూర్చుని కొట్టుకునే గేమ్‌కి ఇది మరీ అన్యాయం.

ఇక ఫైటర్జ్‌ని ఇప్పుడు కొనాలనుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. రోల్‌బ్యాక్ ఉన్నది పీసీ, పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ వెర్షన్లలోనే. పీఎస్4 కాపీ ఉన్నవాళ్లకు పీఎస్5 వెర్షన్ ఫ్రీగానే ఇచ్చారు, కానీ ఆడటానికి పీఎస్5 కొనుక్కోవాలి. 2018లో మొదటి రోజే డబ్బులు పెట్టి, ఇప్పటికీ పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌ల మీదే ఆడుతున్నవాళ్లకు, స్విచ్‌లో కొన్నవాళ్లకు మాత్రం ఆ పాత డిలేనే.