ష్ప్రాఖ్‌కఫే అంటే ఏంటి? జర్మనీలో పక్కింటివాళ్ళతో మాట కలపడం ఎలా?

పోయిన వారం ఒకరు మెసేజ్ పెట్టారు. "జర్మనీ వచ్చి ఏడాదిన్నర అయింది. యూనివర్సిటీ బయట ఒక్క జర్మన్‌తో కూడా ఐదు నిమిషాలు మాట్లాడలేదు. ఇది నార్మలేనా?" అని. నార్మలే. మనవాళ్ళలో చాలామంది పరిస్థితి ఇదే. కానీ మంచిది మాత్రం కాదు. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

నేనుండేది మాగ్డెబర్గ్‌లో. ఎల్బే నది ఒడ్డున ఉన్న ఊరు, బెర్లిన్ నుంచి ట్రైన్‌లో రెండు గంటల లోపే. ఇక్కడి యూనివర్సిటీలో తెలుగువాళ్ళు బాగా కనిపిస్తారు. కోర్సు ఇంగ్లీష్‌లో, ఫ్లాట్‌లో నలుగురూ మనవాళ్ళే, శనివారం రాత్రి బిర్యానీ. 2023-24 శీతాకాలం సెమిస్టర్‌లో జర్మనీ మొత్తం మీద ఇండియన్ స్టూడెంట్స్ 49,483 మంది. విదేశీ విద్యార్థుల్లో మనమే ఎక్కువ. అంటే ఒక్క ముక్క జర్మన్ రాకపోయినా రెండేళ్ళు హాయిగా గడిచిపోతాయి. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. ఆదివారం షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు. ఫ్లాట్‌మేట్స్ వేరే ఊళ్ళకి ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిపోయారనుకోండి, మీకు జ్వరం వచ్చింది. ఎవరి తలుపు కొడతారు? ఇక్కడ డోర్‌బెల్ పక్కన ఇంటిపేరు రాసి ఉంటుంది. మన ఇంటిపేరు రోజూ వాళ్ళ కళ్ళ ముందే ఉంటుంది, కానీ ఆ పేరున్న మనిషి ఎవరో వాళ్ళకి తెలీదు. వాళ్ళెవరో మనకీ తెలీదు.

ఇలాంటివాళ్ళ కోసమే ష్ప్రాఖ్‌కఫే. ష్ప్రాఖె అంటే భాష. వారానికో, రెండు వారాలకో ఒకసారి, ఒకే టైముకి, ఒకే చోట కొత్తగా వచ్చినవాళ్ళూ ఊరివాళ్ళూ కూర్చుని జర్మన్‌లో కబుర్లు చెప్పుకుంటారు. అంతే. మామూలుగా ఫీజు ఉండదు, అటెండెన్స్ ఉండదు. కొన్ని కేఫ్‌లో ఓ మూల జరుగుతాయి, మీ కాఫీ డబ్బులు మీరిచ్చుకుంటారు. కొన్ని లైబ్రరీలో, కొన్ని చర్చి హాల్లో. ఇంకో చోటు కూడా ఉంది, పేరు మేర్‌గెనరాట్సియోనెన్‌హౌస్. పేరు చూసి భయపడకండి, అన్ని తరాలవాళ్ళూ కలుసుకునే ఇల్లు అని అర్థం. ప్రభుత్వ సాయంతో దేశం మొత్తం మీద సుమారు 530 ఉన్నాయి. ఎవరైనా వచ్చి కూర్చోడానికి వాటిలో ఒక చోటు ఉంచుతారు.

2015లో ఆశ్రయం కోరుతూ సుమారు 8,90,000 మంది జర్మనీకి వచ్చారు. ఆ టైములో చాలా ఊళ్ళలో వాలంటీర్లు ఇలాంటి టేబుళ్ళు మొదలుపెట్టారు. 2022 తర్వాత ఉక్రెయిన్ వాళ్ళు చేరారు. కాబట్టి మీ పక్క కుర్చీలో సిరియా నుంచి వచ్చిన టైలరో, కీవ్ నుంచి వచ్చిన అకౌంటెంటో ఉండొచ్చు. అందరికీ కామన్‌గా ఉన్నది అదే తప్పుల జర్మన్. నిజం చెప్పాలంటే ఇందులో ఒక సుఖం ఉంది. ఎదుటివాళ్ళూ తడబడుతుంటే మన నోరు తొందరగా తెరుచుకుంటుంది.

మరి అక్కడ ఏం మాట్లాడతారు? మా దగ్గర ఒక్కో టేబుల్‌కి ఊరివాళ్ళు ఒకరు, కొత్తవాళ్ళు ముగ్గురు నలుగురు. టాపిక్ చిన్నదే. "మీ ఇంట్లో పుట్టినరోజు ఎలా చేస్తారు?" లాంటిది. ప్రతి తప్పునీ దిద్దరు. అర్థం కాకపోతేనే ఆపుతారు. క్లాసులో దొరకని మాటలు ఇక్కడ దొరుకుతాయి. ఉదాహరణకి "డొఖ్". పుస్తకంలో దీనికి అరపేజీ వివరణ ఉంటుంది, చదివితే ఏమీ ఎక్కదు. మన భాషలో చెప్తా వినండి. "నిన్న నువ్వు రాలేదు కదా" అని ఎవరైనా అంటే మనం ఏమంటాం? "ఎందుకు రాలేదు, వచ్చాను!" అంటాం. ఆ "ఎందుకు రాలేదు" మొత్తాన్నీ జర్మన్లు ఒక్క "డొఖ్"తో చెప్పేస్తారు. ఇది పుస్తకం పట్టుకుని కూర్చుంటే రాదు, ఎవరో ఒకరు మనతో వాదిస్తేనే వస్తుంది.

మీరు, నువ్వు తేడా ఇక్కడా ఉంది. "జీ" అంటే మీరు, "డు" అంటే నువ్వు. ఇంగ్లీష్ వాళ్ళకి ఇది తలనొప్పి, మనకి పుట్టుకతో వచ్చిన విద్య. అయితే చిక్కు ఇంకో చోట ఉంది. చాలా ష్ప్రాఖ్‌కఫేల్లో మొదటి రోజు నుంచే అందరూ డు. డెబ్బై దాటిన పెద్దావిడని పేరుపెట్టి నువ్వు అనాలి. గారు లేదు, ఆంటీ లేదు! మనవాళ్ళకి నోరు రాదు. కొన్ని వారాలు పేరు లేకుండానే బండి లాగిస్తారు. బయట మాత్రం జాగ్రత్త. మెట్ల మీద కనిపించిన పక్కింటాయన్ని "జీ" అనే అనండి, "డు అనొచ్చు" అని పెద్దవాళ్ళే ముందు చెప్పాలి.

బిల్లు దగ్గర ఇంకో కామెడీ. వెయిటర్ వచ్చి "త్సుజామెన్ ఓడర్ గెట్రెన్ట్?" అని అడుగుతారు. కలిపా, విడివిడిగానా అని. ఇక్కడ విడివిడిగానే మామూలు. మన గుంటూరు కుర్రాడొకడు "నేనిస్తా, నేనిస్తా" అని బిల్లు లాక్కున్నాడు. ఎదురుగా ఉన్న పెద్దాయన కంగారుపడ్డారు, ఇప్పుడు ఇతనికి తనేం బాకీ పడ్డానో అని!

సరే, ఊరివాళ్ళు ఎందుకొస్తారు? చాలామంది దీన్ని దయ, సేవ అనుకుంటారు. నాకు అలా అనిపించదు. మాగ్డెబర్గ్ ఒకప్పటి తూర్పు జర్మనీలో ఉంది. 1990లో రెండు జర్మనీలూ కలిశాక ఇటువైపు కుర్రాళ్ళు ఉద్యోగాల కోసం పెద్ద ఎత్తున పశ్చిమానికి వెళ్ళిపోయారు. అమ్మానాన్నలు ఇక్కడే ఉండిపోయారు. ఈ కథ మనకి కొత్తా? కోనసీమలోనో కరీంనగర్‌లోనో పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్ళు ఇంట్లో. మా టేబుల్ దగ్గరికి వచ్చే రిటైర్డ్ నర్సు ఒకావిడ ఉన్నారు. కొడుకు మ్యూనిక్‌లో. "గురువారం నాతో మాట్లాడేవాళ్ళు ఉంటారు" అన్నారు ఒకసారి, మామూలుగా, కేకు కోస్తూ. ఆవిడకి ఇంగ్లీష్ పెద్దగా రాదు, ఎందుకంటే ఆ రోజుల్లో తూర్పు జర్మనీ స్కూళ్ళలో అందరూ చదవాల్సిన మొదటి విదేశీ భాష రష్యన్. ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళతో స్కూల్లో నేర్చుకున్న నాలుగు రష్యన్ ముక్కలు కలిపి మాట్లాడేస్తారు. మనతో మాత్రం జర్మనే దారి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. ష్ప్రాఖ్‌కఫేకి వెళ్తే సర్టిఫికెట్ రాదు. ప్రభుత్వం నడిపించే ఇంటిగ్రేషన్ కోర్సులో మామూలుగా భాషకే 600 పీరియడ్లు ఉంటాయి, ఇది దానికి బదులు కాదు. కానీ ఆ లెవెల్స్‌తో మనకి పనుంది. బ్లూ కార్డ్ మీద ఉద్యోగం చేసేవాళ్ళకి మిగతా షరతులన్నీ కుదిరితే, A1 ఉంటే 27 నెలలకి, B1 ఉంటే 21 నెలలకి పర్మనెంట్ రెసిడెన్స్ వస్తుంది. పౌరసత్వానికీ మామూలుగా B1 కావాలి. గోథె B1 స్పీకింగ్‌లో ఇద్దరు కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయాలి. ఏ రోజు కలుద్దాం, ఎవరేం తెద్దాం అని. మేం వారం వారం చేసేది అదే.

వెళ్ళడం ఎలా? మీ ఊరి పేరుతో "ష్ప్రాఖ్‌కఫే" అని ఫోన్‌లో వెతకండి. దొరక్కపోతే "బెగేగ్నుంగ్స్‌కఫే" అని వెతకండి, అంటే కలుసుకునే కేఫ్. అయినా లేకపోతే ఊరి లైబ్రరీ కౌంటర్‌లో అడగండి. ఒంటరిగా వెళ్ళండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. నలుగురు తెలుగువాళ్ళు కలిసి వెళ్తే పది నిమిషాల్లో ఆ టేబుల్ తెలుగు టేబుల్ అయిపోతుంది. హైదరాబాద్ ఇరానీ హోటల్లో అయితే ఎవరి టేబుల్ దగ్గరైనా కూర్చుంటాం, ఇక్కడ అడిగి కూర్చోవాలి. "ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?" ఇక్కడ ఖాళీయేనా అని. మొదటి రోజే ఉద్యోగం గురించి, రూమ్ గురించి అడగొద్దు. కనీసం మూడు వారాలు వెళ్ళండి. మొదటి వారం అందరూ మిమ్మల్ని "ఎక్కణ్ణుంచి వచ్చారు" అనే అడుగుతారు. మూడో వారానికి "పరీక్ష ఏమైంది" అని అడుగుతారు.

అసలు కష్టం ఎక్కడుందంటే, కొత్తవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఊరివాళ్ళే చాలరు. మా దగ్గర కొన్ని గురువారాలు పన్నెండు మంది కొత్తవాళ్ళకి ఇద్దరే జర్మన్లు. అప్పుడు అది కబుర్లలా ఉండదు, ట్యూషన్‌లా అయిపోతుంది. ఆ ఇద్దరూ అలిసిపోతారు, నెల తిరిగేసరికి ఒకరు మానేస్తారు. ఇలాంటి గ్రూపులు ఆగిపోయేది డబ్బుల్లేక కంటే ఇందుకే ఎక్కువ అని నా లెక్క. అందుకే నేను మా కింద ఫ్లోర్ పెద్దాయన్ని పిలిచాను. పార్సెల్ ఇవ్వడానికి ఆయన తలుపు తట్టి, వచ్చీరాని జర్మన్‌లో, గురువారం నాలుగింటికి కాఫీ, వస్తారా అని. "నేనేం నేర్పగలను?" అన్నారు. నేర్పక్కర్లేదు, కూర్చుంటే చాలు అన్నాను. రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చారు, ఇంట్లో చేసిన ప్లమ్ కేకు పట్టుకుని. ఇప్పుడు ఆయన టేబుల్ దగ్గర కుర్చీ దొరకాలంటే పది నిమిషాలు ముందే వెళ్ళాలి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇల్లు మారితే సిటీ ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ చేయించడం గురించి. ఉంటాను మరి.