తగ్గిన బరువు తిరిగొస్తే: రెండో ఆపరేషన్‌కు ముందు తెలుసుకోవాల్సినవి

అండమాన్ నికోబార్ దీవుల్లో 15-49 ఏళ్ల వయసు పురుషుల్లో సుమారు 45 శాతం, మహిళల్లో సుమారు 38 శాతం అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశ సగటు పురుషుల్లో 23, మహిళల్లో 24 శాతం మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అంటే ఇది మనవాళ్ల సమస్య కూడా.

ఊబకాయం తీవ్రంగా ఉన్నవారికి బేరియాట్రిక్ శస్త్రచికిత్స మంచి ఫలితమే ఇస్తుంది. అయితే కొందరిలో కొన్నేళ్లకు బరువు మళ్లీ పెరుగుతుంది. ‘ఆపరేషన్ విఫలమైందా? తప్పు నాదేనా? మళ్లీ చేయించుకోవాలా?’ అనే ప్రశ్నలు అప్పుడే మొదలవుతాయి.

ఆపరేషన్ ఏం చేస్తుంది?

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. దీంతో కడుపు నిండిందని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు పెరుగుతాయి.

బరువు ఎందుకు తిరిగొస్తుంది?

పోయిన కొవ్వును తిరిగి తెచ్చుకోవడానికి శరీరం ప్రయత్నిస్తూనే ఉంటుంది. కొవ్వు తగ్గితే లెప్టిన్ హార్మోన్ తగ్గి ఆకలి పెరుగుతుంది, శక్తి ఖర్చు తగ్గుతుంది. ఆహార నియమాలు, వ్యాయామంతో భారీగా బరువు తగ్గిన 14 మందిని అమెరికా శాస్త్రవేత్తలు ఆరేళ్ల తర్వాత పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. విశ్రాంతిలో వారి శరీరాలు ఖర్చు చేసే శక్తి, ఉండాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. శస్త్రచికిత్స ఈ ప్రతిఘటనను తగ్గిస్తుంది కానీ పూర్తిగా ఆపలేదు.

దీనికి తోడు కొందరిలో స్లీవ్ గొట్టం లేదా బైపాస్‌లో పేగును కలిపిన ద్వారం వెడల్పవుతుంది. తియ్యటి టీ, కూల్‌డ్రింకులు, మద్యం, ఐస్‌క్రీమ్ వంటివి చిన్న కడుపులోంచి కూడా సులువుగా జారిపోతాయి. నిద్రలేమి, కుంగుబాటు, థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్ల వంటి మందులు కూడా కారణం కావచ్చు. కాబట్టి దీన్ని కేవలం మనోబలం లేకపోవడంగా చూడటం సరికాదు.

ఎంత పెరిగితే సమస్య?

స్వీడన్‌లో 1987లో మొదలైన దీర్ఘకాల అధ్యయనంలో, బైపాస్ చేయించుకున్నవారు ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ల తర్వాత ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. ఈ లెక్కన 120 కిలోల మనిషి 82 కిలోలకు దిగి, పదేళ్లకు 90 దగ్గర ఉంటాడు. ఆ ఎనిమిది కిలోలు వైఫల్యం కాదు. బరువు ఆగకుండా పెరుగుతున్నా, షుగరు, బీపీ తిరిగొచ్చినా, తీవ్రమైన ఛాతీమంట ఉన్నా డాక్టరును కలవాలి.

ముందు కారణం, తర్వాత కత్తి

మొదటి ఆపరేషన్ వివరాలు, ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే, రక్తపరీక్షలు, ఆహార నిపుణుల సలహా, మానసిక స్థితి అంచనా... ఇవన్నీ చూశాకే నిర్ణయం తీసుకోవాలి. నిర్మాణంలో లోపమేమీ లేకపోతే రెండో ఆపరేషన్‌తో ఒరిగేది తక్కువే కావచ్చు.

మందులు ఇప్పుడు ఒక ముఖ్యమైన దారి. ఆపరేషన్‌తో తగినంత బరువు తగ్గని 70 మందిపై బ్రిటన్‌లో జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. లిరాగ్లూటైడ్ తీసుకున్నవారు 24 వారాల్లో సగటున దాదాపు 9 శాతం బరువు తగ్గారు; ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో తగ్గుదల ఒక శాతం లోపే. అయితే మందు ఆపితే బరువు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. దుష్ఫలితాలూ ఉంటాయి కనుక డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడకూడదు.

వెడల్పయిన ద్వారాన్ని ఎండోస్కోపీతో కుట్టి బిగించవచ్చు. ఛాతీమంట తీవ్రంగా ఉన్న స్లీవ్ రోగులకు దాన్ని బైపాస్‌గా మారుస్తారు. కానీ మొదటి ఆపరేషన్ వల్ల లోపలి అవయవాలు అతుక్కుని ఉంటాయి. అందుకే రెండోసారి లీకేజీ, రక్తస్రావం వంటి ముప్పులు ఎక్కువ. తగ్గే బరువు సాధారణంగా మొదటిసారి కన్నా తక్కువ.

దీవుల్లో ఉంటే

శ్రీ విజయపురం, అంటే నిన్నమొన్నటి పోర్ట్‌బ్లెయిర్, నుంచి చెన్నైకి, విశాఖకు దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో దాదాపు మూడు రోజుల ప్రయాణం. ప్రధాన భూభాగంలో ఆపరేషన్ చేయించుకున్నవారికి ప్రతిసారీ వెళ్లడం కష్టమై, తదుపరి వైద్య పరీక్షలు తప్పిపోతుంటాయి. బరువు పెరగడం మొదట్లోనే పట్టుబడాలంటే ఆ పరీక్షలే ఆధారం. అందుకే డిశ్చార్జి సారాంశంతో పాటు ఆపరేషన్ నోట్ ప్రతిని కూడా అడిగి దాచుకోవాలి. నెలకోసారి బరువు రాసుకోవాలి. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ మాత్రలు మానకూడదు. మామూలు రక్తపరీక్షలు స్థానికంగా చేయించి, ఈ-సంజీవని వంటి టెలీవైద్య సేవల ద్వారా సలహా పొందవచ్చు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అవసరం. దీవుల్లో సులువుగా దొరికే చేపలు అందుకు మంచి ఆధారం.

ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, నల్లటి మలం కనిపిస్తే మాత్రం ఓడ కోసమో విమానం కోసమో చూడకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలి. వాంతులతో పాటు నడకలో తూలడం, చూపు రెండుగా కనిపించడం విటమిన్ బీ1 లోపానికి గుర్తు కావచ్చు. ఆలస్యమైతే మెదడుకు శాశ్వత నష్టం జరగవచ్చు. ఎన్నేళ్లు గడిచినా, పాత ఆపరేషన్ సంగతి డ్యూటీ డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.