నిలువ పెట్రోలు - చిన్న యంత్రములు

దాళ్వా పైరునకు మందు కొట్టుట ముగియగానే ఫాల్గుణమాసమున మనము తైవాన్ పంపును తుడిచి కొట్టములో మూలనుంతుము. దాని టాంకులో మిగిలిన అరలీటరు పెట్రోలును గూర్చి ఆలోచింపము. మరల భాద్రపదమున సార్వా వరికి దోమ తగిలినప్పుడు దానిని వెలికి తీసి త్రాడు లాగుదుము. యంత్రము పలుకదు. ప్లగ్గు మార్తుము, అప్పటికిని పలుకదు. ఇక పంపును మోసికొని పట్టణమునకు పోవలసినదే. దోమపోటు మనకొఱకు ఆగునా? మడి నడుమ గుండ్రముగా ఎండి, సుడులు సుడులుగా వ్యాపించును. రెండు మూడు దినముల ఆలస్యమునకు బస్తాల లెక్కన నష్టము చెల్లింపవలసి యుండును.

ఇట్టి సమయమున యంత్రము చెడినదని తలచుట పరిపాటి. కాని పెక్కుసారులు చెడినది యంత్రము కాదు. అందు నిలువయున్న పెట్రోలు. ఇది ఏల చెడునో, ఎట్లు కాపాడుకొనవలెనో మన సభ్యులకు తెలియజేయుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పెట్రోలు చెడుటకు కారణములు

పెట్రోలు ఒకే పదార్థము కాదు. తేలికపాటివియు బరువైనవియు అగు అనేక ద్రవముల మిశ్రమము. నిలువయున్న కొలది తేలికపాటి భాగములు ముందుగా ఆవిరియై పోవును. చల్లని యంత్రము మొదట అంటుకొనుటకు తోడ్పడునవి ఆ భాగములే. కావున పాత పెట్రోలుతో యంత్రము మొండికెత్తును.

రెండవ కారణము గాలి. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి పెట్రోలు క్రమముగా జిగురు కట్టును. కార్బొరేటరులో పెట్రోలు పోవు రంధ్రము సూదిమొన పట్టునంతటిది. కొద్దిపాటి జిగురు పేరుకొనినను అది మూసికొనిపోవును.

మూడవది తేమ. 2023 ఫిబ్రవరిలో మన దేశమున నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకము ప్రారంభమైనది. 2025 నాటికి దేశమంతట అదియే సాధారణమైనది. ఈ ఇథనాలు చెఱకు మడ్డి, మొక్కజొన్న, నూకలు మున్నగువాని నుండి, అనగా మన పంటల నుండియే తీయబడుచున్నది. అయితే దానికి తేమను పీల్చుకొను గుణము కలదు. నీరు హద్దు మీరినప్పుడు ఇథనాలును నీరును కలిసి పెట్రోలు నుండి వేరుపడి టాంకు అడుగునకు దిగును. యంత్రము త్రాగునది ఆ అడుగు ద్రవమునే. పెట్రోలులో ఆయిలు కలిపి నడుపు టూస్ట్రోకు యంత్రములకు ఇది మఱింత ప్రమాదము. ఆయిలు పై పెట్రోలులో నిలిచిపోవును; అడుగు ద్రవముతో నడచిన పిస్టను ఆయిలు చాలక పట్టివేయును.

చేయవలసిన పనులు

1. ఒక నెలకు సరిపడునంత పెట్రోలు మాత్రమే కొనవలెను. యంత్రములు తయారుచేయువారు సాధారణముగా చెప్పు గడువు 30 దినములు.

2. ఆయిలును ఏ దినమునకు కావలసినది ఆ దినమే కలుపుకొనవలెను. 25కు 1 పాలు అనిన లీటరునకు 40 మిల్లీలీటర్లు; 50కి 1 పాలు అనిన 20 మిల్లీలీటర్లు. మీ యంత్రమునకు ఏది తగునో దాని పుస్తకమున చూడవలెను.

3. పని ముగిసిన కాలమున టాంకును పూర్తిగా వంపివేసి, యంత్రమును దానంతటది ఆగువఱకు నడపవలెను. అప్పుడు కార్బొరేటరులోని పెట్రోలు కూడ చాలవఱకు ఖర్చగును. అడుగున మర యున్నచో విప్పి మిగిలిన చుక్కలను దింపవలెను. ఈ పనికి పావుగంట చాలును.

4. మరల తీసినప్పుడు క్రొత్త పెట్రోలు పోసి, సన్నగొట్టములు బిరుసెక్కినవో పగిలినవో చూచి, పురుగు తగులకముందే ఒకసారి నడిపి చూడవలెను.

రంగు ముదిరి, వార్నీషు వాసన కొట్టు పెట్రోలును యంత్రమున పోయరాదు. దానిని కాలువలోగాని బావి దాపునగాని పాఱబోయరాదు. పొయ్యి రాజేయుటకు అసలే వాడరాదు. తెలిసిన మెకానిక్కునకు అప్పగించుట మేలు.

నిలువయుంచు చోటు

1934 నాటి పెట్రోలియం చట్టము ప్రకారము, అమ్మకమునకు కాక సొంత వాడుకకు 30 లీటర్లకు మించని పెట్రోలును లైసెన్సు లేకయే ఉంచుకొనవచ్చును. గట్టి మూతగల లోహపు డబ్బా 25 లీటర్లకును, గాజు లేక పింగాణి పాత్ర 1 లీటరునకును మించరాదు. మనము వాడు నీళ్ల సీసాల ప్రసక్తి అందు లేదు. దాహమైన బిడ్డ నీళ్లనుకొని ఎత్తి త్రాగుటకు ఆ సీసాయే చాలును.

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలవెంబడి ప్రాకి, దూరమున నున్న పొయ్యిని గాని బీడీనిప్పును గాని అందుకొనగలదు. కావున డబ్బాను వంటయింటికిని, గడ్డివామికిని, దీపమునకును దూరముగా నీడపట్టున ఉంచవలెను. వేడిగానున్న యంత్రమున పెట్రోలు పోయరాదు.

ఈ దాళ్వా ముగియగానే పంపును కొట్టమున పెట్టుటకు ముందు టాంకు మూత తీసి చూడుడని సభ్యులను కోరుచున్నాము. నేడు వంపివేసిన అరలీటరు, భాద్రపదమున మడిని కాపాడును.