పాత కుర్చీకి కొత్త మెత్త

*సీటు కుంగింది, రెగ్జిన్ చిట్లింది. ‘ఈ కుర్చీలు తీసేసి కొత్త సెట్ కొందాం’ అన్న మాట ఇంట్లో మొదలైందా? కాస్త ఆగండి. పాడైంది కుర్చీ కాదు, దాని మీది మెత్త!*

భోజనాల బల్ల దగ్గరి కుర్చీకి రెండు వయసులుంటాయి. కర్రది ఒకటి, సీటుది ఒకటి. మంచి టేకు కుర్చీ తాతగారు చేయించిందైతే మనవడి పెళ్లినాటికీ గట్టిగానే ఉంటుంది. సీటు అలా కాదు. పూటపూటా మనుషులు కూర్చుని లేచే ఇంట్లో కొన్నేళ్లకే లోపలి ఫోమ్ అణిగిపోతుంది, పైగుడ్డ అరిగిపోతుంది. ఈ రెండు వయసులనూ ఒకటిగా లెక్కేయడం వల్లే ఎన్నో మంచి కుర్చీలు పాత సామాన్ల బండి ఎక్కేస్తున్నాయి.

ఒకప్పుడు మన ఇళ్లలో భోజనమంటే పీట వేసి విస్తరి పరచడమే. నానమ్మ మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేకపోయినప్పుడో, అపార్ట్‌మెంట్‌కు మారినప్పుడో డైనింగ్ టేబుల్ వచ్చింది. వచ్చాక అన్నం తినడంతో సరిపెట్టుకోలేదు. పొద్దున కూరలు తరిగేది అక్కడే, సాయంత్రం పిల్లల హోంవర్క్ అక్కడే, రాత్రి పాలవాడి లెక్క చూసేదీ అక్కడే. ఫ్యాను రెక్కలు తుడవాలన్నా ఎక్కేది ఆ కుర్చీయే. ఇంత చాకిరీ చేసే వస్తువుకు మరమ్మతు చేయించడం దుబారా కాదు, దానికి మనం బాకీ ఉన్న పని.

విప్పి చూస్తే...

ఒక కుర్చీని బోర్లించండి. చాలావాటికి సీటు విడిగా ఉంటుంది. అడుగున నాలుగు మూలల్లో నాలుగు స్క్రూలుంటాయి, అవి తీస్తే పలకలా ఊడి వస్తుంది. దాన్ని తయారుచేసినవాళ్లే ‘ఇది ఎప్పటికైనా మార్చాల్సిందే’ అనుకుని అలా అమర్చారన్నమాట. తీసేముందు ఏ సీటు ఏ కుర్చీదో తెలిసేలా రెండింటి అడుగునా సుద్దతో ఒకే అంకె వేయండి. చేత్తో చేసిన కుర్చీల్లో ఒకదాని సీటు మరోదాంట్లో సరిగ్గా కూర్చోదు.

పిన్నులు పీకి పైగుడ్డ తొలగిస్తే ఆ ఇంటి పాత అలవాట్లన్నీ బయటపడతాయి. పైన రెగ్జిన్, దాని కింద ఎప్పటిదో పూల గుడ్డ, ఆ కింద కొబ్బరి పీచో బూరుగు దూదో. మరీ పాతదైతే పలకకు బదులు నవారు పట్టీలు ఉంటాయి. మంచానికి అల్లినట్టే నిలువూ అడ్డంగా బిగించి అల్లి, దానిమీద పీచు పరిచేవారు.

ఫోమ్ వచ్చింది ఆ తర్వాతే. జర్మనీలో 1937లో ఒట్టో బేయర్ బృందం పాలీయురెథేన్‌ను కనిపెట్టింది. దాంతో చేసిన మెత్తటి ఫోమ్ 1950లలో మార్కెట్లోకి వచ్చాక కుర్చీ పనే మారిపోయింది. పీచు సర్ది, దూది నింపి, దారంతో కుట్టే ఓపిక అక్కర్లేకపోయింది. కాకపోతే ఫోమ్‌కు ఆయుష్షు తక్కువ. గాలి, వెలుతురు, తేమ తగిలి దానిలోని అణువుల గొలుసులు తెగుతాయి. పసుపుపచ్చగా మారి, చివరికి వేళ్ల మధ్య పొడిగా రాలుతుంది. కుర్చీ కింద నేలమీద పచ్చటి పొడి కనిపిస్తోందంటే మెత్త మార్చే వేళయిందని అర్థం.

ముందు కర్ర సంగతి

మెత్త వేయించే తొందరలో చాలామంది కర్రను పట్టించుకోరు. సీటు తీసేశాక కుర్చీని సమంగా ఉన్న నేలమీద పెట్టి, వీపును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కిర్రుమంటే ఏదో అతుకు వదులైనట్టే. దానికి మేకు కొట్టనివ్వకండి. మేకు ఆ పూటకు బిగిస్తుంది, తర్వాత కర్రనే చీలుస్తుంది. అతుకు విప్పి, పాత జిగురు గీకి, కొత్తగా ఫెవికాల్ రాసి, తాడుతో బిగించి ఒక రోజంతా కదపకుండా వదిలేస్తే చాలు. అడుగు ప్లైవుడ్ తేమకు ఉబ్బితే 12 మిల్లీమీటర్ల కొత్త పలక కోయించండి. దానికి నాలుగైదు చిల్లులు పెట్టించండి. కూర్చున్నప్పుడు ఫోమ్‌లోని గాలి వాటిలోంచి పోతుంది, లేకపోతే సీటు బుస్సుమంటుంది.

మెత్తదనం కాదు, సాంద్రత

షాపులో ఫోమ్‌ను వేలితో నొక్కి ‘బాగా మెత్తగా ఉంది’ అని కొనేస్తాం. అడగాల్సింది డెన్సిటీ. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని. అది గట్టిదనానికి కొలత కాదు, అందులో ఎంత సరుకుందో చెప్పే లెక్క. తేలికపాటి ఫోమ్ మొదట్లో హాయిగా ఉండి తొందరగా అణిగిపోతుంది. రోజూ వాడే కుర్చీకి 40 డెన్సిటీ అడగడం మంచిది.

మందం రెండంగుళాలు చాలు. మామూలుగా బల్ల 30 అంగుళాల ఎత్తు, సీటు 18 అంగుళాలు. మధ్యలో ఉన్న 12 అంగుళాలే తొడలకు చోటు. మెత్తగా ఉంటుందని నాలుగంగుళాల ఫోమ్ వేయిస్తే మోకాళ్లు బల్లకు తగులుతాయి, పొట్టివాళ్ల కాళ్లు నేలకు ఆనవు. సీటు 18 అంగుళాల చదరమైతే 72×36 అంగుళాల షీటులో ఎనిమిది ముక్కలొస్తాయి. ఆరు కుర్చీలకు పోను రెండు మిగులుతాయి.

గుడ్డ ఎంత? ఏది?

సీటు 18 అంగుళాలు, ఫోమ్ మందానికి రెండువైపులా కలిపి నాలుగు, అడుగున మడిచి పిన్ను కొట్టడానికి మరో నాలుగు. మొత్తం 26. సోఫా గుడ్డ పన్నా సాధారణంగా 54 అంగుళాలు కాబట్టి పక్కపక్కన రెండు సీట్లు పడతాయి. ఆరు సీట్లకు మూడు వరుసలు, అంటే 78 అంగుళాలు. రెండుంపావు మీటర్లు తీసుకుంటే సరి. పెద్ద పువ్వులు, చారలు ఉన్న గుడ్డయితే అన్ని సీట్లలో డిజైను ఒకేచోట రావాలి కనుక ఇంకాస్త కావాలి.

చిన్నపిల్లలున్న ఇంట్లో తుడిస్తే పోయే రెగ్జిన్ సుఖమే. అయితే ఎండాకాలంలో చెమటకు ఒంటికి అంటుకుంటుంది, ఏళ్లు గడిస్తే బిరుసెక్కి చిట్లుతుంది. గుడ్డ కొంటే ‘మార్టిండేల్’ అంకె అడగండి. ఉన్నిబట్టతో ఎన్నిసార్లు రుద్దితే ఆ గుడ్డ అరుగుతుందో చూసే పరీక్ష అది. 25 వేలు, ఆపైన ఉన్నది రోజువారీ వాడకానికి తట్టుకుంటుంది.

మన చేనేతకూ ఇక్కడ చోటుంది. పోచంపల్లి ఇక్కత్ (2005లో భౌగోళిక గుర్తింపు పొందింది), మచిలీపట్నం కలంకారీ సీటు మీద నిండుగా ఉంటాయి. చీర గుడ్డ నిలవదు. ఫర్నిషింగ్ కోసం నేసిన మందపాటి రకమే అడగండి, కింద గట్టి తెల్లగుడ్డ అస్తరు వేయించండి.

మేస్త్రీ పని చూడాలి

అవకాశముంటే ఇంటికొచ్చి పనిచేసే సోఫా మేస్త్రీని పిలవండి. ‘పైవైపు ఇదేనా అమ్మా?’ అని అడిగి, గుడ్డను బోర్లా పరుస్తాడు. దానిమీద ఫోమ్, ఆపైన పలక. ముందుగా వెనకవైపు నడిమధ్యన ఒక పిన్ను, ఎదురుగా ముందువైపు లాగి ఒకటి, ఆపై రెండు పక్కలా చెరొకటి. ఆ తర్వాత మధ్య నుంచి మూలలకు జరుగుతూ, ప్రతిసారీ అరచేత్తో గుడ్డను నిమిరి బిగువు చూసుకుంటాడు. మూల నుంచి మొదలుపెడితే నేత వంకర పోతుందని అతని చేతికి తెలుసు. చివరికి మూలను లోపలికి లాగి, రెండువైపులా సమంగా మడతలు పెట్టి పిన్ను కొడతాడు. పనితనం తెలిసేది ఆ మూలలోనే.

కేన్ అల్లిన సీటయితే ఇది వేరే విద్య. చట్రం చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి నానబెట్టిన బెత్తం పట్టీలను నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పోనిచ్చి అల్లుతారు. మన దేశంలో అంధుల శిక్షణ కేంద్రాల్లో దీన్ని వృత్తిగా నేర్పారు. కంటితో పనిలేకుండా వేళ్లతోనే బిగువు పసిగట్టగల పని ఇది. అలాంటి సీటును ఫోమ్ వేసి కప్పేయకండి, మళ్లీ అల్లించండి.

పసుపు మరక పడితే

తెలుగువాళ్ల బల్ల దగ్గర పప్పుచారు ఒలకకుండా ఉండదు. ముందు పొడిగుడ్డతో అద్దండి, రుద్దకండి. వెంటనే సబ్బు పెడితే మరక ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేదీ ఈ క్షార గుణంతోనే. తడిగుడ్డతో అద్ది, నాలుగు స్క్రూలు విప్పి సీటును ఎండలో పెట్టండి. పసుపులోని కర్క్యుమిన్ ఎండకు వెలిసిపోతుంది.

పండక్కి బంధువులు దిగేముందు కాకుండా, పనివాళ్లకు తీరిక ఉన్న రోజుల్లో చేయించుకోండి. ముందు ఒక్క కుర్చీ చేయించి, వారం కూర్చుని చూసి మిగతావి ఇవ్వండి. మిగిలిన గుడ్డ దాచండి, ఏదో ఒక సీటుకు అక్కరకొస్తుంది. టేకు చెట్టు చేవదేరడానికి దశాబ్దాలు పడుతుంది, ఫోమ్ ముక్క కోయడానికి ఐదు నిమిషాలు చాలు. ఐదు నిమిషాల వస్తువు పాడైందని దశాబ్దాల వస్తువును వదులుకోవద్దు.