పంట పొలాలలో పులి సంచారంపై వదంతులు – నిర్ధారణ విధానం, జాగ్రత్తలు

అటవీ సరిహద్దు గ్రామాలలో పెద్దపులి, చిరుతపులి సంచరిస్తున్నాయన్న వదంతులు తరచుగా వ్యాపిస్తుంటాయి. వీటిని విచారించకుండా నమ్మినా, కొట్టివేసినా ప్రమాదమే. 2020 నవంబరులో కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పెద్దపులి దాడులలో ఇద్దరు మరణించారు. వారిలో ఒకరు చేనిలో పత్తి తీస్తున్న యువతి. 2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతంలో పులి సంచారం కెమెరా చిత్రాల ద్వారా ధ్రువపడింది.

నిర్ధారణకు తొలి ఆధారం పాదముద్ర. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకొంటాయి. అందువలన వాటి ముద్రలలో సాధారణంగా గోటి గుర్తులు ఉండవు. కుక్క, తోడేలు, దుమ్ములగొండి ముద్రలలో ఆ గుర్తులు కనిపిస్తాయి. ముద్ర కనబడినచోట జనం గుమికూడి తొక్కివేస్తే ఆధారం నశిస్తుంది. దానిపై గిన్నె బోర్లించి అటవీ సిబ్బందికి తెలియజేయాలి. సిబ్బంది ముద్రను కొలిచి, అచ్చు తీసి, అవసరమైనచోట కెమెరాలు అమర్చుతారు. ఏ రెండు పులుల చారలూ ఒకే విధంగా ఉండవు కనుక ఛాయాచిత్రం ద్వారా పులిని గుర్తించవచ్చును.

విషయం తేలే వరకు కూలీలు గుంపులుగా పనికి వెళ్లి, చీకటి పడకముందే తిరిగి రావడం శ్రేయస్కరం. పశువు మరణించినచో కళేబరాన్ని కదిలించరాదు. నష్టపరిహారానికి అదే ఆధారం. దానిపై విషం చల్లడం, పొలం చుట్టూ విద్యుత్ తీగలు బిగించడం నేరం. ఆ తీగలకు రైతులు సైతం బలికాగలరు. పెద్దపులి, చిరుతపులి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

పాత చిత్రాలు, ఇతర ప్రాంతాల చిత్రాలు కొత్తవిగా ప్రచారమయ్యే అవకాశమున్నందున విలేకరులు స్థలాన్ని, తేదీని ధ్రువపరచుకొన్న పిదపనే ప్రచురించడం సముచితం.