సోమిద మాను

ఫాల్గుణం ముదిరేసరికి సాలూరు, పార్వతీపురం వైపు కొండలు ఎండి గోధుమవన్నెకు తిరుగుతాయి. ఆకు దులిపిన మద్దులు, వేడెక్కిన బండలు, అడుగు పడితే గలగలమనే ఎండుటాకులు. ఆ మాసిన రంగుల నడుమ, రాళ్ల వాలు మీద ఎక్కడో ఒక చోట, లేత రాగికాంతి రగులుతుంది. అది సోమిద చిగురు. ఎర్రని ఈనెకు అటూ ఇటూ జంటలు జంటలుగా విచ్చుకున్న ఆ లేతాకుల్లోంచి పొద్దుటెండ వడగట్టుకుని దిగుతుంటే కొండవాలంతా కెంపువన్నె తాగినట్టుంటుంది. ఆకు పచ్చబడేలోగా కొమ్మల చివర్లలో ఆకుపచ్చ తెలుపు కలిసిన చిట్టి పూలు గుత్తులు కడతాయి. ఆపైన వచ్చే కాయలది మరో సొగసు: నల్లగా, కొయ్యలా బిగిసి, పండాక కొన నుంచి ఐదు రెక్కలుగా పగిలి, లోపలి పల్చని రెక్కల గింజల్ని గాలి చేతికి అప్పగిస్తాయి.

అయినా ఈ చెట్టు వైభవమంతా బెరడుదే. మొసలి వీపులా గరుకైన ముదురు పొలుసులు, వాటి సందుల్లో ధూళి, చీమల బారులు. కత్తిమొన తగిలితే చాలు, ఆ మోటుదనం కింద నుంచి తడితడిగా, నెత్తుటి ఎరుపు తొంగిచూస్తుంది. చిన్న ముక్క నాలుకకు తగిలితే ముందు వగరు నోటిని బిగిస్తుంది, వెనకే చేదు గొంతు దాకా పాకి చాలాసేపు అక్కడే కూర్చుంటుంది. వేప కుటుంబానిది మరి! చలిజ్వరాల సీమలో మన వైద్యం ఈ చేదునే నమ్ముకుంది. బెరడును కషాయం కాచి జ్వరానికి, విరేచనాలకు పట్టేవారు.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఐరోపా వాళ్లకు జ్వరం మందంటే ఆండీస్ కొండల సింకోనా బెరడే. అది దూరాభారం, ఖరీదు. సామర్లకోటలో మొక్కలు పెంచి పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దానికి బదులుగా మన సోమిదను చూపించాడు. 1795లో వెలువడసాగిన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీన్ని రంగుల బొమ్మతో అచ్చువేయించాడు. జ్వరహారి అన్న అర్థంలో ‘ఫెబ్రిఫ్యూగా’ అన్నాడు. 1830లో జుస్యూ అనే వృక్షశాస్త్రవేత్త దీనికి వేరే ప్రజాతినే కట్టి, మన పల్లెల పేరే తగిలించాడు: సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క చెట్టే. అయితే అప్పటికే, 1820లో, సింకోనా బెరడు నుంచి దాని అసలు మందైన క్వినైన్ తీశారు. సోమిద మీద పెట్టుకున్న ఆశ క్రమంగా చల్లారింది.

సోమిద బెరడులో క్వినైన్ లేదు. కాబట్టి చలిజ్వరం వస్తే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. అడవిలో ఈ మాను ఎదురైతే కళ్లారా చూడండి, బెరడు మాత్రం ఒలవకండి. చుట్టూ ఒలిచిన చెట్టు బతకదు.